పక్కలు మార్చే పనికి ఇంత చదువెందుకు?

ప్రశ్న: అక్కా, నర్సింగ్ డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లుగా సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. మా ఆసుపత్రిలో వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఒక వార్డు మొదలుపెడుతున్నారు. ఇష్టమున్నవాళ్లు పేర్లివ్వండి, చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది అన్నారు. నాకు వెళ్లాలని ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పెరిగాను, పెద్దవాళ్లంటే ప్రాణం. ఈ మాట చెబితే తోటి స్టాఫ్ నవ్వేశారు. ‘పక్కలు మార్చడానికి, డైపర్లు మార్చడానికి ఇంత చదువెందుకు? ఐసీయూకి వెళ్లు, చెయ్యి తిరుగుతుంది’ అన్నారు. ఇంట్లో కూడా అదే మాట. అక్కడికి వెళ్తే నేర్చుకున్న పని మర్చిపోతానా? ముందుకు ఎదిగే దారి ఉంటుందా? ఇంకో భయం కూడా ఉంది. అస్తమానం చావులు చూస్తూ నిలబడగలనా? పేరు ఇవ్వడానికి ఇంకా పది రోజులే గడువుంది.
– పేరు రాయొద్దు

జవాబు: నన్ను అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరంలో అమ్మమ్మ సంగతి కన్నా ముందు నా కన్ను ఆగింది ఆ నవ్వినవాళ్ల మాట దగ్గర. నేను ఈ దారిలోకి వచ్చినప్పుడు నాకూ ఆ మాటే అన్నారు, ఒక్క అక్షరం తేడా లేకుండా. అందుకని ముందు దాని సంగతి తేల్చి మిగతావాటికి వస్తాను.

పక్క మార్చడం, అంటే మంచాన పడిన మనిషిని వేళకు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, ఆ పని వెనక ఒక నర్సు చేసిన పరిశోధన ఉంది. ఆమె పేరు డోరీన్ నార్టన్. బ్రిటన్‌లో వృద్ధుల వార్డుల్లో పనిచేస్తూ, ఇద్దరు సహచరులతో కలిసి 1962లో ఆ వార్డుల నర్సింగ్ సమస్యల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. అప్పట్లో బెడ్‌సోర్, అంటే ఒకే పక్కన పడుకుని ఉంటే పడే పుండు, వస్తే వయసు మీద నెట్టేసేవాళ్లు, లేదంటే నర్సు బద్ధకం మీద. వార్డుకో పూత, సిస్టరుకో రుద్దుడు. నార్టన్ బృందం కూర్చుని లెక్కలు తీసింది. పుండు రాకుండా చూసేది పైన పూసే మందు కాదు, ఒకే చోట పడుతున్న ఒత్తిడిని వేళకు తప్పించడమే అని చూపించింది. ఎవరికి పుండు పడే ప్రమాదం ఎక్కువో ముందే పసిగట్టడానికి ఒక కొలత కూడా తయారుచేసింది. శరీర స్థితి, మనసు స్థితి, నడక, మంచంలో కదలిక, మలమూత్రాల మీద అదుపు అని అయిదు అంశాలు. ఒక్కో దానికి 1 నుంచి 4 మార్కులు, మొత్తం 20. 14గానీ అంతకన్నా తక్కువగానీ వస్తే జాగ్రత్తపడాలి. నువ్వు చదువుకున్న బ్రేడెన్ స్కేలు 1987లో వచ్చింది, దీనికి చెల్లెలులాంటిది. నవ్వినవాళ్లు కూడా రోజూ చార్టులో నింపుతూనే ఉంటారు దాన్ని.

ఇక ఆ పక్క మార్చడం ఎలా ఉంటుందో నీ సర్జికల్ వార్డులోనే రేపు ఒకసారి చూడు. గబగబా ఇద్దరు వచ్చి, దుప్పటి లాగి, భుజం పట్టి ఈడ్చి, దిండు దోపి వెళ్లిపోతే అది పక్క మార్చడం కాదు, సరుకు మార్చడం. అదే పని తెలిసిన నర్సు చేస్తే? ముందు ముఖం కనిపించేలా నిలబడి ఏం చేయబోతోందో చెబుతుంది. ఈడ్చదు, జారే షీటు మీద జరుపుతుంది, ఎందుకంటే ఈడ్చితే ముదిమి చర్మం కాగితంలా చిరుగుతుంది. పూర్తిగా పక్కకు తిప్పి తుంటి ఎముక మీద బరువు వేయకుండా ముప్పై డిగ్రీలు వాల్చి ఆపుతుంది. మడమలు పరుపును తాకకుండా పిక్కల కింద దిండు పెడుతుంది. తిప్పేటప్పుడు నడుం కింద ఎముక దగ్గర ఎర్రబడిన చోటును వేలితో నొక్కి వదులుతుంది. ఎరుపు పోయి మళ్లీ వస్తే ఫర్వాలేదు, నొక్కినా పోకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి ఒంట్లో ఎరుపు సరిగా కనిపించదు, అందుకని చేతి వెనక వైపుతో తాకి వేడి చూస్తుంది, చుట్టూ ఉన్న చర్మం కన్నా గట్టిగానో మెత్తగానో ఉందేమో చూస్తుంది. ఇవన్నీ చేస్తున్న ఆ రెండు నిమిషాల్లోనే, నిన్న కుడివైపు తిప్పితే మూలగని మనిషి ఇవాళ ఎందుకు మూలిగింది, ఊపిరి ఎందుకు పైపైన తీస్తోంది, మూత్రం వాసన ఎందుకు మారింది అని ఆమె బుర్ర పనిచేస్తూ ఉంటుంది. చదువు ఎందుకంటే ఇందుకు.

మీ వార్డులో చిన్న వయసు రోగి ఉన్నాడనుకో. ఒంట్లో తేడా వస్తే ఒళ్లే అరిచి చెబుతుంది. జ్వరం కాస్తుంది, నొప్పి అంటాడు, కడుపు పట్టుకుంటాడు. ఎనభై దాటిన ఒంటికి ఆ గొంతు సన్నబడిపోతుంది. న్యుమోనియా వచ్చినా దగ్గు ఉండకపోవచ్చు, జ్వరం పెద్దగా రాకపోవచ్చు. గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా, ఉత్త ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం తెలియదు. చివరికి మనకు కనిపించేది ‘ఎందుకో ఇవాళ లేవలేదు’, ‘ఎందుకో పడిపోయింది’, ‘ఎందుకో మాట తడబడుతోంది’. అంతే. బెర్నార్డ్ ఐజాక్స్ అనే వృద్ధుల వైద్యుడు కదలలేకపోవడం, నిలదొక్కుకోలేకపోవడం, మలమూత్రాల అదుపు తప్పడం, బుద్ధి మందగించడం అనే నాలుగింటికి ఒక పేరు పెట్టాడు, వృద్ధుల వైద్యంలో మహాకాయులని. ఏ అవయవం చెడినా చివరికి ఈ నాలుగు తలుపుల్లో ఒకదాని గుండానే బయటికి వస్తుందన్నమాట. లోపల ఏ అవయవం చెడిందో వెతికి పట్టుకోవడం నీ పని. డాక్టరు రౌండ్లలో ఒక్కొక్కరి దగ్గర అయిదు నిమిషాలు ఉంటాడు. నువ్వు ఎనిమిది గంటలు ఉంటావు.

నా తప్పు ఒకటి చెబుతాను. చెప్పడానికి ఇష్టం లేదు కానీ నీకు పనికొస్తుంది.

అప్పటికి నాకు సర్వీసు నాలుగేళ్లు. ఆసుపత్రి పేరు అనవసరం. తుంటి ఆపరేషనై మా వార్డుకి వచ్చిన ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు. మొదటి రెండు రోజులూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని పేపరు మడతపెట్టి చదివేవాడు, ఫ్యాను శబ్దం చేస్తోందని, దిండు గట్టిగా ఉందని నా ప్రాణం తీసేవాడు. మూడో రాత్రి ఏ గొడవా లేదు. గంట నొక్కలేదు, పిలవలేదు. నేను చార్టులో ‘ప్రశాంతంగా నిద్రపోయారు’ అని రాశాను. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనుకున్నాను. పొద్దున్న తుడవడానికి వచ్చిన ఆయా మంచం దగ్గర ఆగి, ‘సిస్టర్, ఈయన ఇవాళ కళ్లజోడు బయటికి తియ్యలేదేంటి, డబ్బా మూతేసే ఉంది’ అంది. వెళ్లి పిలిస్తే కళ్లు తెరిచాడు, నన్ను చూశాడు, మళ్లీ ఎటో చూశాడు. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే ఆదివారం, శనివారం అని ఆగిపోయాడు. లెక్కల మాస్టారు! పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బిగుసుకుని ఉంది. క్యాథెటర్ వేస్తే ఎనిమిది వందల మిల్లీలీటర్ల పైనే వచ్చింది. ఒంటి దురదకని రెండు రాత్రులుగా ఇస్తున్న పాతరకం అలర్జీ మాత్ర మూత్రాన్నీ బిగపట్టింది, బుర్రనూ మందగించేసింది. మాత్ర ఆపాక తేరుకోవడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున్న ఫ్యాను గురించి మళ్లీ తిట్టాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

దాని పేరు డెలిరియం అని, అందులో అరిచి గోల చేసే రకమే కాక ఇలా నోరు మూసుకుని మంచానికి అంటుకుపోయే రకం కూడా ఉంటుందని, అదే ఎక్కువగా మన కళ్లుగప్పుతుందని నేను పుస్తకంలో చదివాను. పరీక్షలో రాశాను కూడా. చదివింది మంచం మీద కనిపిస్తే గుర్తుపట్టలేదు. షారన్ ఇనోయే బృందం 1990లో ఇచ్చిన పద్ధతి ఉంది, క్యామ్ అంటారు. హఠాత్తుగా వచ్చిన మార్పు, అది పూటపూటకీ మారుతుండటం ఒకటి. ధ్యాస నిలవకపోవడం రెండు. ఈ రెండూ ఉండి, వాటికి తోడు మాట పొంతన లేకపోవడమో, మెలకువ స్థాయిలో తేడానో ఉంటే డెలిరియం అని అనుమానించాలి. నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. కానీ దానిలోని మొదటి మాట, ‘హఠాత్తుగా వచ్చిన మార్పు’, అది తెలియాలంటే నిన్న ఆ మనిషి ఎలా ఉన్నాడో నీకు తెలిసి ఉండాలి. ఆయాకు తెలుసు. నాకు తెలియలేదు. అప్పటినుంచి హ్యాండోవర్‌లో, అంటే షిఫ్టు మారేటప్పుడు రోగుల సంగతులు అప్పజెప్పే వేళ, ఆయా మాట కూడా అడుగుతాను.

ఆ మాత్ర సంగతి ఇంకొంచెం. మార్క్ బియర్స్ అనే వైద్యుడు 1991లో, పెద్దవాళ్లకి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి తయారుచేయించాడు. తర్వాత దాన్ని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సవరిస్తూ వస్తోంది, 2023లో కూడా సవరించింది. ఆ పాతరకం అలర్జీ మాత్రలు అందులో ఉన్నాయి. మందు రాయడం మన పని కాదు, నిజమే. కానీ వరస పట్టుకోవడం మన పనే. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెడతారు, కాళ్లు వాస్తాయి. వాపుకని నీరు తీసే మాత్ర వేస్తారు, రాత్రి నాలుగుసార్లు బాత్రూముకి పరుగు. ఆపుకోలేకపోతోందని దానికో మాత్ర వేస్తారు, మతి తప్పడం మొదలవుతుంది. ఇప్పుడు మతిమరుపు జబ్బేమోనని ఇంకో మందు. ఒక్కో డాక్టరు ఒక్కో గది నుంచి చూస్తే ప్రతిదీ సబబుగానే ఉంటుంది. మందుల డబ్బా మొత్తం ఒళ్లో పెట్టుకుని, ఏది ఏ నెలలో మొదలైందో పక్కపక్కన రాసుకునే నర్సుకి మాత్రమే ఆ గొలుసు కనిపిస్తుంది. నీ సర్జికల్ వార్డులో రేపు అడ్మిట్ అయ్యే పెద్దావిడతోనే మొదలుపెట్టి చూడు, కొత్త వార్డు తెరిచేదాకా ఆగక్కర్లేదు.

చేతిపని మర్చిపోతావా అని అడిగావు. కొంత మర్చిపోతావు, దాచడం ఎందుకు. వెంటిలేటర్ సెట్టింగులు, డ్రెయిన్లు, ఆపరేషనైన రాత్రి హడావిడి, ఇవి రోజూ చేయకపోతే తుప్పు పడతాయి. అందుకే చదువు అయిన వెంటనే ఈ వార్డుకి వస్తానంటే నేను వద్దనేదాన్ని. నువ్వు రెండేళ్లు చేసి వస్తున్నావు, అది మంచి పెట్టుబడి. సన్నబడిన సిరకు కాన్యులా పెట్టడం, మందుల మోతాదు చూసుకోవడం, గాయం చూడగానే అంచనా వేయడం ఇక్కడ ఇంకా పదునెక్కుతాయి. అయిదేళ్ల తర్వాత ఐసీయూకే వెళ్లాలనిపించినా దారి మూసుకుపోదు, మళ్లీ శిక్షణ తీసుకోవాల్సి ఉంటుంది, అంతే. ఐసీయూ మంచాల మీద కూడా పెద్దవాళ్లే ఎక్కువగా ఉంటారన్న సంగతి నవ్వినవాళ్లు మర్చిపోతున్నారు.

ఇక అమ్మమ్మ దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లంటే ప్రాణం అన్నావు. మంచిదే, కానీ ఇంటర్వ్యూలో ఆ ఒక్క మాట మీద నిలబడకు. వార్డులో నీకు కనిపించే వాళ్లంతా అమ్మమ్మలు కారు. కొందరు నోటికొచ్చినట్టు తిడతారు. కొందరు కొడతారు, గిల్లుతారు, ఉమ్ముతారు. ఒకరిద్దరు ఇంట్లో జీవితాంతం అందర్నీ ఏడిపించిన మనుషులని వాళ్ల పిల్లలు చెప్పకుండానే తెలిసిపోతుంది. వాళ్లకీ మడమ కింద దిండు అంతే శ్రద్ధగా పెట్టాలి. ప్రేమ ఉన్నరోజు ప్రేమతో, లేనిరోజు పనితనంతో. నేను ఎక్కువరోజులు పనితనంతోనే నెట్టుకొచ్చాను.

ప్రేమ ఎక్కువైతే వచ్చే ఇంకో చిక్కు ఏమిటంటే పెద్దవాళ్లని పసివాళ్లని చేసేస్తాం. ‘బుజ్జితల్లీ, చెయ్యెత్తమ్మా, ఆఁ శభాష్, మా బంగారం’ అని సాగదీస్తూ మాట్లాడటం. విన్నవాళ్లకి ముద్దుగా ఉంటుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లతో ఇలా మాట్లాడితే పనికి సహకరించకుండా ఎదురుతిరగడం పెరుగుతుందని అధ్యయనాలే చెబుతున్నాయి. మతి చెదిరినా గౌరవం లేని మాట తెలుస్తుంది. అందర్నీ తాతా, బామ్మా అనడం కూడా అలవాటు చేసుకోకు. మొదటిరోజే ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని అడుగు. మా లెక్కల మాస్టారుని నేను తాతగారూ అన్నంతసేపూ మొహం తిప్పుకునేవాడు, మాస్టారూ అనగానే చెయ్యి చాచి బీపీ చూడనిచ్చేవాడు.

వాళ్ల పని మనం చేసిపెట్టెయ్యడం కూడా ఇలాంటిదే. బొత్తాలు పెట్టుకోవడానికి ఆమెకు పది నిమిషాలు పడుతుంది, నువ్వు పెడితే అర నిమిషం. పక్కన ఇంకా ఆరుగురు ఎదురుచూస్తున్నారు. పెట్టేస్తావు. వారం అలా పెట్టేస్తే ఎనిమిదో రోజు ఆమె వేళ్లకు బొత్తం పెట్టడం రాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులపాటు మంచంలోనే ఉంచి చూసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. కాళ్లనుంచే దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. జబ్బే లేనివాళ్లకు పది రోజుల్లో ఇంత పోతే, జబ్బుతో వచ్చినవాళ్ల సంగతి చెప్పాలా? మార్జరీ వారెన్ అనే డాక్టరు కథ నీకు తెలిసి ఉండాలి. 1935లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పక్కనున్న పేదల ఆశ్రమపు వైద్యశాల ఆమె చేతికొచ్చింది. ఏడు వందలకు పైగా పడకలు, ఏళ్ల తరబడి మంచాల మీదే ఉన్న మనుషులు, ఎవరికి ఏం జబ్బో సరిగా చూసినవాళ్లు లేరు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించింది, లేవదీసి కూర్చోబెట్టింది, నడిపించింది, వార్డుల గోడలకు వెలుతురు వచ్చేలా రంగులు వేయించింది. ఇక లేవరనుకున్నవాళ్లలో చాలామంది లేచి ఇళ్లకు వెళ్లారు. వృద్ధుల వైద్యానికి జెరియాట్రిక్స్ అనే పేరు 1909లోనే ఇగ్నాట్జ్ నాషర్ పెట్టినా, వార్డులో దాన్ని చేసి చూపించింది ఈమె.

లేవదీసేటప్పుడు తొందరపడకు. పడుకున్న మనిషికి బీపీ చూసి, నిలబెట్టాక మూడు నిమిషాల లోపు మళ్లీ చూడు. పైఅంకె 20గానీ కింది అంకె 10గానీ పడిపోతే కళ్లు తిరిగి పడిపోయే మనిషి అని అర్థం. ‘పడిపోతుంది’ అని భయపడి మంచానికి కట్టేసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. కట్టినంతమాత్రాన పడటం ఆగదు. పెనుగులాడి ఇంకా ఘోరంగా దెబ్బలు తగులుతాయి. అలాంటి చోట నువ్వు పనిచేయాల్సివస్తే మాట పడైనా సరే అడ్డుపడు.

నీ నడుం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ వార్డుల నుంచి నర్సులు మానేసేది మనసు విరిగే కాదు, నడుం విరిగి కూడా. ఒక నర్సు చేతులతో ఎత్తదగిన బరువు, అదీ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, 16 కిలోలని నిపుణుల లెక్క. మనిషి కాలు ఒక్కటే అంత తూగవచ్చు. జారే షీట్లు, ఎత్తే యంత్రం, లేవదీసేటప్పుడు రోగి నడుముకి కట్టి పట్టుకునే పట్టీ ఉన్నాయో లేదో చూసుకో. లేకపోతే అడుగు. నేను అడగలేదు, ఇప్పుడు పొద్దున్న లేవగానే అయిదు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడతాను.

డిమెన్షియా గురించి ఒక్క సంగతే చెప్పి ఊరుకుంటాను, మిగతాది నీకే తెలుస్తుంది. సాయంత్రం ఆరైతే ‘ఇంటికెళ్లాలి, మా అమ్మ ఎదురుచూస్తుంది’ అని తలుపు లాగే ఎనభై అయిదేళ్ల ఆవిడ ప్రతి వార్డులోనూ ఉంటుంది. ‘మీ అమ్మ పోయి నలభై ఏళ్లయింది కదా’ అని చెబితే ఆవిడకి ఆ చావు ఆ నిమిషమే జరిగినట్టు. రోజూ సాయంత్రం ఆమెకు తల్లిని చంపి చూపిస్తామా? ‘అమ్మ ఎలా ఉండేది? మీ ఇల్లు ఎటువైపు?’ అని పక్కన నడుస్తూ అడిగితే రెండు చుట్లు తిరిగేసరికి ఆమె కూర్చుంటుంది. ఒక్కోసారి కూర్చోదు. అప్పుడు బాత్రూముకి వెళ్లాలేమో, నొప్పేమో చూడు. మాట పోయినవాళ్ల నొప్పిని ఊపిరి, మూలుగు, మొహం, ఒంటి బిగువు, ఓదారిస్తే తగ్గుతోందా అనే అయిదింటిని బట్టి కొలిచే పద్ధతి ఉంది, పెయినాడ్ అని. నేర్చుకో.

పిల్లలూ, కోడళ్లూ, అల్లుళ్లూ వస్తారు. వాళ్లతో పని రోగితో పని కన్నా కష్టం. ఏళ్లుగా చూసుకుంటున్న కూతురు మాట్లాడకుండా మూల నిలబడుతుంది, ఎప్పుడో ఒకసారి వచ్చినవాడు గొంతు పెంచుతాడు. నువ్వు ఆ కూతురి దగ్గరికి వెళ్లి ‘మీరు నిద్రపోయి ఎన్నాళ్లయింది?’ అని అడుగు. అలాగే కన్ను తెరిచి ఉంచు. అరవై దాటినవాళ్లలో ఆరుగురికి ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకంగా వేధింపుకి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మణికట్టు మీద వేళ్ల ముద్రల్లాంటి కమిలిన మచ్చలు, ఒకరు గదిలోకి రాగానే మాట ఆపేయడం, ఇవి చూసి చూడనట్టు ఊరుకోకు. చార్టులో రాయి, పైవాళ్లకి చెప్పు.

చావుల గురించి. చూస్తావు, సర్జికల్ వార్డులో కన్నా ఎక్కువే. అక్కడ చావంటే ఓటమిలా ఉంటుంది, ఏదో తప్పు జరిగిందని అందరూ ఫైళ్లు తిరగేస్తారు. ఇక్కడ చాలాసార్లు ముందే తెలుస్తుంది. అప్పుడు నీ పని ఆపడం కాదు, నొప్పి లేకుండా, నోరు ఎండకుండా, ఒంటరిగా లేకుండా చూడటం. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సే. నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసుదీ, ఇంటిదీ, భయానిదీ కలిసి ఒకే నొప్పి అని ఆమె చెప్పింది నాకు మంచాల దగ్గరే అర్థమైంది. నిలబడగలవా అంటే, మొదటి రెండు మూడు చావులకు కుదేలవుతావు. ఎవరితోనైనా చెప్పుకో. డ్యూటీ దిగాక వెంటనే ఇంటికి పోకుండా పది నిమిషాలు తోటి సిస్టర్‌తో కూర్చునే అలవాటు నన్ను కాపాడింది. అయితే ఒకటి. అమ్మమ్మ ఉన్నారో లేదో, పోయి ఉంటే ఎన్నాళ్లయిందో నువ్వు రాయలేదు. ఆర్నెల్ల లోపైతే ఈసారికి పేరివ్వకు, మళ్లీ అడుగుతారు, అప్పుడు ఇద్దువుగాని.

ఎదుగుదలకి కొదవ లేదు. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లు ఉంటారు, 2050కి వాళ్ల సంఖ్య 210 కోట్లు. అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ 1966లోనే ఈ పనికి ప్రత్యేక విభాగం పెట్టింది. గాయాల సంరక్షణ, డిమెన్షియా, బాధ తగ్గించే పాలియేటివ్ సేవ, మళ్లీ కోలుకునేలా చేసే రిహాబ్, ఇళ్లకు వెళ్లి చూసే పని, వృద్ధాశ్రమాల నర్సింగ్ బాధ్యత, బోధన, పరిశోధన, ఏ కొమ్మ పట్టుకున్నా పైకి పోవచ్చు. కొన్ని దేశాల్లో పీజీ చేసి నర్స్ ప్రాక్టీషనర్ అయితే మందులు కూడా రాయవచ్చు. జీతం మాత్రం చాలాచోట్ల ఐసీయూ కన్నా తక్కువ, మనుషులు ఎప్పుడూ చాలరు. ఇంట్లోవాళ్లు ఈ మాటంటే కాదనకు, అది నిజం. రెండేళ్లు పనిచేసి, నీకు ఏ కొమ్మ నచ్చిందో తెలిశాకే పై చదువుకి డబ్బు పెట్టు.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు వీలైతే అలాంటి వార్డు నడుస్తున్న చోటికి ఒకసారి వెళ్లు, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. పొద్దున్న అన్ని వార్డులూ బాగానే కనిపిస్తాయి. మూడింటికి ఎంతమంది కుర్చీల్లో ఉన్నారు, ఎంతమంది మంచాల మీద ఉన్నారో లెక్కపెట్టు. గంట మోగితే ఎంతసేపటికి వెళ్తున్నారో చూడు. చెవి మిషన్లు చెవుల్లో ఉన్నాయా, డ్రాయర్లలో ఉన్నాయా, కళ్లజోళ్లు మొహాల మీద ఉన్నాయా అన్నదీ చూడు. ఇంటర్వ్యూలో వాళ్లు నిన్ను అడగడం అయ్యాక నువ్వు అడగాల్సినవి మూడున్నాయి. రాత్రి షిఫ్టులో ఒక నర్సుకి ఎంతమంది రోగులు? ఎత్తే యంత్రం ఉందా? మొదటి నెల నాతోపాటు అనుభవమున్న సిస్టర్ ఎవరైనా ఉంటారా? మూడోదానికి లేదంటే చేరేముందు ఒక్కరోజు ఆగి నాకు రాయి.